ఏ పాదం నచ్చిందో చెప్పండి

తెలుగునేల మీద ఇప్పుడు కోడికంటే ముందు లేస్తున్నది కవులే. నమ్మకం లేకపోతే తెల్లవారకముందే ఏదో ఒక సాహితీ సమూహం వాట్సాప్‌లో తెరిచి చూడండి. అడ్మిన్‌గారు అప్పటికే ఆ రోజు అంశం ప్రకటించి ఉంటారు. సోమవారం వచన కవిత, మంగళవారం పద్యం, బుధవారం బొమ్మ చూసి కవిత, గురువారం గజల్, శుక్రవారం బాలగేయం, శనివారం మీ ఇష్టం, ఆదివారం సమీక్ష. కింద నిబంధనలు. 20 పంక్తులు మించరాదు. చివర పేరు, ఊరు ఉండాలి. ‘ఇది నా స్వీయ రచన, దేనికీ అనుకరణ కాదు’ అని హామీపత్రం తప్పనిసరి. రాత్రి 9 దాటితే స్వీకరించబడదు.

ఇన్ని షరతులు పెట్టినా మధ్యాహ్నానికల్లా నలభై యాభై కవితలు వచ్చి పడతాయి. రాసేది ఎవరంటారా? బడిపంతుళ్లది అగ్రతాంబూలం. ఆ తర్వాత పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగులు, మండల ఆఫీసులో పనిచేసి వచ్చినవాళ్లు, పిల్లల్ని బడికి పంపి వంటింట్లో కాస్త ఊపిరి తీసుకున్న గృహిణులు, నైట్ డ్యూటీ దిగిన నర్సులు, డల్లాస్‌లో పగలంతా కోడ్ రాసి రాత్రి కందపద్యం రాసుకునే ఇంజినీర్లు. వీళ్లలో ఎవరికీ కవిత్వం మీద పైసా రాదు. పైగా పోతుంది కూడా, ఆ సంగతి తర్వాత చెబుతాను.

వీళ్లని చూసి నవ్వడం సులువు. ఉగాది వచ్చిందంటే చాలు, సమూహంలో కోయిల కూయని కవిత ఉండదు. పదో అంతస్తు ఫ్లాట్‌లో ఏసీ వేసుకుని కూర్చున్న కవిగారికి కూడా వేపపూత వాసన వస్తుంది. మార్చి 21 ప్రపంచ కవితా దినోత్సవం, ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జయంతి నాటి తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబరు 9 కాళోజీ పుట్టినరోజున తెలంగాణ భాషా దినోత్సవం, ఇవికాక అమ్మల రోజు, నాన్నల రోజు, గురువుల రోజు. క్యాలెండర్‌లో ఖాళీ గడి కనిపించదు, కవికి సెలవు దొరకదు.

కవితలకంటే మెచ్చుకోళ్లది ఇంకా పెద్ద వరద. కవిత పెట్టిన అర నిమిషంలో ‘అద్భుతం సార్’, ‘మహాద్భుతం మేడమ్’, చప్పట్లు మూడు, దండాలు రెండు, గులాబీ ఒకటి. 20 పంక్తుల కవిత అర నిమిషంలో చదివి, రసాస్వాదన కూడా ముగించి, గులాబీ వెతికి పెట్టారంటే ఆ వేగానికే ముందు దండం పెట్టాలి. అసలు మర్మం అందరికీ తెలిసిందే. ఇది పెళ్లి చదివింపుల వ్యవహారం. మనింటి శుభకార్యానికి ఫలానావారు ఎంత చదివించారో నోటుపుస్తకంలో చూసుకుని, వాళ్లింటి పెళ్లికి అంతే చదివించి వస్తాం. నిన్న నా కవితకి మీరు మూడు చప్పట్లు కొట్టారు, ఇవాళ మీ కవితకి నేను మూడు కొడతాను. ఒకటి తగ్గితే మాటపట్టింపు, రెండు తగ్గితే ‘లెఫ్ట్’.

అయినా నాకు నవ్వు ఎక్కువసేపు నిలవదు. వెనకటి రోజులు గుర్తొస్తాయి. అప్పట్లో ఔత్సాహిక కవికి ఉన్న దారి ఒక్కటే. తెల్లకాగితం మీద ఒకవైపే రాసి, తిరుగు స్టాంపులు అంటించిన కవరు జతచేసి, పత్రికకి పంపి, పోస్ట్‌మ్యాన్ కోసం వీధి అరుగు మీద కూర్చోవడం. చాలామందికి వచ్చేది తమ దస్తూరీతో ఉన్న ఆ కవరే. లోపల కవిత క్షేమంగా ఉండేది, ఎందుకు తిరిగొచ్చిందో మాత్రం ఉండేది కాదు. సంపాదకుడి తప్పు కాదది, ఆయన బల్ల మీద ఉన్న గుట్ట అలాంటిది. దాంతో ఎన్నో కవితలు పాల లెక్క పుస్తకాల వెనక అట్టల మీద, పాత డైరీల్లో, ట్రంకుపెట్టెల అడుగున ఉండిపోయాయి. ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. సభకి వెళ్లాలంటే ఇంట్లో ఒప్పుకోవాలి, బస్సు ఉండాలి, రాత్రి తిరిగొచ్చేసరికి వంట ఎవరు చేశారన్న ప్రశ్న ఉండకూడదు. అలాంటి గృహిణి అరవయ్యో ఏట మొదటిసారి తన కవిత నలుగురికీ చూపిస్తే, ఎవరో ముక్కూమొహం తెలియని అక్క ‘బాగుంది చెల్లీ’ అంటే, ఆ మాట విలువ కట్టడానికి మనమెవరం?

ఇంతకీ ఒకరి కవిత ఒకరు విని భుజం తట్టుకోవడం ఫోన్లు వచ్చాక పుట్టిన అలవాటు కాదు. బందరు హిందూ హైస్కూల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు తెలుగు పండితులుగా ఉన్నప్పుడు ఆయన ముందు కూర్చున్న పిల్లల్లో విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు ఉన్నారు. 1920 ప్రాంతంలో తెనాలిలో తల్లావఝల శివశంకరశాస్త్రిగారి పెద్దరికాన సాహితీ సమితి నడిచింది. ఇవాళ భావకవులని పాఠ్యపుస్తకాల్లో చదువుకునే ఎందరో అప్పటికి పేరులేని కుర్రాళ్లు. సమితి వాళ్లని ఒకచోట చేర్చింది, ‘సాహితి’ అనే పత్రిక పెట్టి అచ్చువేసింది. అంటే పెద్ద కవులు కూడా ముందు ఎవరో ఒకరికి వినిపించుకున్నవాళ్లే. తేడా ఏమిటంటే, అక్కడ ఎదుట కూర్చున్నవాడు వినేవాడు. పద్యం కుంటితే అతని కనుబొమ చెప్పేసేది. మన సమూహంలో కనుబొమలకి బదులు బొమ్మలున్నాయి, అవి ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాయి.

ఈ మాట అందరికీ వర్తించదు. పద్యకవుల సమూహాల్లోకి వెళ్లండి, గాలే వేరు. అక్కడ రోజూ ఒక సమస్య ఇస్తారు. సమస్య అంటే అర్థం అడ్డదిడ్డంగా ఉన్న ఒక పద్యపాదం. నిప్పు చల్లనన్నట్టో, సతి పతిని తన్ని పుణ్యం కట్టుకుందన్నట్టో ఉంటుంది. మిగతా పాదాలు అల్లి ఆ వంకరని సాపు చేయాలి. ప్రశ్న వేసి జవాబు చెప్పించవచ్చు, కలగా చూపించవచ్చు, ముందు పాదం చివర ఒక అక్షరం చేర్చి మాటనే మార్చేయవచ్చు. అష్టావధానంలో ప్రశ్నలు వేసే ఎనిమిదిమంది పృచ్ఛకుల్లో ఒకరి ఆయుధం ఇదే. తిరుపతి వేంకట కవులు పందొమ్మిదో శతాబ్దం చివర అవధానాన్ని ఊరూరా తిప్పి జనానికి రుచి మరిపితే, తర్వాతి కాలంలో ఆకాశవాణి కూడా సమస్యలిచ్చి శ్రోతల పూరణలు చదివింది. కార్డు ముక్క మీద పద్యం రాసి పంపి, రేడియోలో తన పేరు వినిపిస్తుందని ఇల్లంతా చెవులు రిక్కించుకుని కూర్చున్నవాళ్ల మనవలు ఇవాళ అదే పని ఫోన్లో చేస్తున్నారు.

తేడా ఒకటుంది. రేడియో చదివేది, సరిదిద్దేది కాదు. ఇక్కడ సరిదిద్దుతారు. ఒకాయన ఉత్పలమాల పెడతాడు. పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి పొత్తు కుదరాలి. కాసేపటికి పెద్దాయన ఒకరు వస్తారు. ‘ఆర్యా, పూరణ బాగున్నది. మూడవ పాదంలో యతి తప్పినది, గమనించగలరు.’ ‘ధన్యవాదాలు గురువుగారూ. సవరించాను, పరిశీలించ ప్రార్థన.’ ‘ఇప్పుడు సరిపోయినది. కాని అన్వయం తెగినది.’ ‘మళ్లీ సవరించాను.’ ఇలా ఒక్క పద్యం కోసం ఇద్దరూ పొద్దు గూకేదాకా కిందామీదా పడతారు. ఆయన కరీంనగర్, ఈయన కాకినాడ. ముఖాముఖి ఎన్నడూ చూసుకోలేదు.

కొత్తగా వచ్చినవాళ్లకి అక్కడ దొరికే ఆనందాలు వేరు. సూర్యుడితో పాదం మొదలుపెట్టి చంద్రుడి దగ్గర యతి కుదిరిందనుకుని మురిసిపోయిన కుర్రాడికి, హల్లు కలిస్తే చాలదు, అచ్చు కూడా కలవాలని ఒకరు చెబుతారు. ‘సూ’కి ‘చం’ కుదరదు. అదే ‘సంధ్య’ అంటే చంద్రుడు హాయిగా వచ్చి కూర్చుంటాడు, చకారానికీ సకారానికీ యతిమైత్రి ఉంది గనక. ఈ ముక్క తెలిసిన రోజు ఆ కుర్రాడి మొహంలో వెలుగు చూడాలి. తర్వాత కందం మీద పడతాడు. కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అన్నారు పెద్దలు. బేసి గణాల్లో జగణం రాకూడదు, ఆరోది నలమో జగణమో అయి తీరాలి, రెండు నాలుగు పాదాల చివర గురువు ఉండాలి. నాలుగు పొట్టి పాదాలకి ఇన్ని కాపలాలు. ఇప్పుడు గణాలు లెక్కపెట్టి, యతిప్రాసలు చూసి తప్పుంటే చెప్పే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది. పనికొచ్చేదే. కానీ గణాలన్నీ సరిపోయి ఒక్క మాటా మనసుకి తగలని పద్యాన్ని చూసి ‘ఎందుకండీ ఇది?’ అని అడగాల్సింది మనిషే.

వచన కవితకి ఈ కాపలా లేదు. యతి లేదు గనక తప్పదు, గణం లేదు గనక భంగం కాదు. తప్పు పట్టడానికి చేతికి ఆనవాలు దొరకదు. అందుకే అక్కడ గులాబీలు ఎక్కువ. నిజానికి వచన కవితకే చదివి చెప్పే మనిషి ఎక్కువ అవసరం. ఒక సమూహంలో చూశాను. ఒక అమ్మాయి వాళ్ల నాన్న పదవీ విరమణ మీద రాసింది. ఆర్టీసీ బస్‌పాస్‌ గడువు అయిపోయినా ఆయన దాన్ని రోజూ చొక్కా జేబులో పెట్టుకుని వీధి చివరిదాకా వెళ్లి వస్తాడని రాసి, ఆ కింద త్యాగమూర్తి, కొవ్వొత్తి, వటవృక్షం అంటూ ఆరు పంక్తులు పేర్చింది. దానికి వరసగా ‘సూపర్’లు పడ్డాయి. వాటి మధ్యలో ఒకావిడ ‘బస్‌పాస్ దగ్గర ఆపేయమ్మా, మీ నాన్న అక్కడే కనిపిస్తున్నాడు’ అని రాసింది. అంతే. మర్నాడు ఆ కవిత ఆరు పంక్తులు పొట్టిదై వచ్చింది. అన్ని సూపర్‌లూ కలిసి చేయలేని పని ఆ ఒక్క వాక్యం చేసింది.

తెర మీద పరిచయాన్ని గడప దాటించినవాళ్లూ ఉన్నారు. 2012లో కవి యాకూబ్ ఫేస్‌బుక్‌లో మొదలుపెట్టిన కవిసంగమం అలాంటిదే. అక్కడ రాసినవాళ్లు హైదరాబాదులోని లామకాన్ అనే వేదికలో కలుసుకున్నారు, పేరున్న కవుల పక్కన కొత్తవాళ్లు నిలబడి చదివారు. 2020లో కోవిడ్ తలుపులు మూసినప్పుడు ఇదే తిరగబడింది. సభలన్నీ జూమ్‌లోకి ఎక్కాయి. ‘గురువుగారూ, మ్యూట్ తీయండి’, ‘మీ సీలింగ్ ఫ్యాన్ కనిపిస్తోంది, మీరు కనిపించడం లేదు’ అనే మాటలు కవిసమ్మేళనంలో భాగమైపోయాయి. అనకాపల్లిలో ఉదయం కవి, న్యూజెర్సీలో ముందురోజు రాత్రి కవి ఒకే తెర మీద కూర్చున్నారు. ఒకే గదిలో బందీ అయిన రోజుల్లో ఆ గంటన్నర ఎందరికో ప్రాణం నిలబెట్టింది.

ఇక డబ్బు పోయే సంగతి. ప్రోత్సాహం పేరుతో ఒక బజారు కూడా లేచింది. పాల్గొంటే చాలు ప్రశంసాపత్రం, అంచుల్లో పూలతీగ, మధ్యలో మన ఫోటో. వారం రోజులు వరసగా రాస్తే ఒక బిరుదు, నెల రాస్తే ఇంకోటి. ఆపై సంకలనం, పేజీకింతని కట్టిన కవికి చోటు, రెండు కాపీలు, ఒక శాలువా. లఘు ప్రక్రియలు కూడా వేళ్ల మీద లెక్కపెట్టలేనన్ని పుట్టాయి. ఎన్. గోపీ నానీలు తెచ్చినప్పుడు నాలుగు పంక్తులు, 20 నుంచి 25 అక్షరాలు అన్న కొలత వెనక చెప్పదలుచుకున్నదాన్ని చెక్కే పట్టుదల ఉంది. ఆ రూపం నిలబడి వందలమంది చేతుల్లోకి వెళ్లింది. ఇప్పుడు కొందరు కొలత ముందు కనిపెట్టి, రూపకర్తలుగా పేరు వేసుకుని, చెప్పాల్సింది తర్వాత వెతుక్కుంటున్నారు. శాలువాకి ఆశపడ్డ పంతులుగారిని నేను తప్పుపట్టను. జీవితమంతా ఎవరూ కప్పలేదాయె. ఆ ఆశని రేటు కట్టి అమ్మేవాళ్లని మాత్రం తప్పుపడతాను.

మెచ్చుకోవడం తప్పు కాదు, చదవకుండా మెచ్చుకోవడమే తప్పు. చదవని మెప్పు కవిని ఉన్నచోటే కూర్చోబెడుతుంది. పదేళ్లుగా రోజుకొకటి రాసి, పదేళ్లుగా ‘అద్భుతం’ అనిపించుకుని, మొదటిరోజు రాసినట్టే ఇవాళా రాస్తున్న మనిషిని చూస్తే జాలేస్తుంది. అందులో ఆయన లోపం సగమే. ఒక్కనాడైనా ఒక్కరైనా ఆయన్ని ఆపి ‘ఈ మాట మీదేనా, ఎక్కడో విన్నదా?’ అని అడగలేదు. మర్యాద అనుకున్నాం, నిజానికి అది అశ్రద్ధ.

అలాగని అందరం విమర్శకులమై కత్తులు నూరనక్కర్లేదు. మొన్ననే కలం పట్టినవాళ్లని నలుగురిలో నిలదీస్తే రెండో కవిత రాదు. చెప్పాల్సిన లోపం ఉంటే విడిగా పర్సనల్‌లో చెప్పండి. మెచ్చుకోవాల్సింది మాత్రం అందరిముందూ మెచ్చుకోండి, కానీ ఫలానాది అని వేలు పెట్టి చూపించి మెచ్చుకోండి. ఈసారి మీ సమూహంలో కవిత కనిపిస్తే రెండుసార్లు చదవండి. టైము లేకపోతే ఊరుకోండి, ఊరుకోవడం అవమానం కాదు. టైము ఉంటే గులాబీ పక్కన పెట్టి, ఏ పాదం నచ్చిందో, ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం రాయండి. రోజుకి ఒక్క కవితకి చాలు.