మారాలనుందా? ముందు అప్పు సంగతి చెప్పండి

ఏమండీ, ఉద్యోగం వేట ఎంతవరకూ వచ్చింది? "చూస్తున్నా" అంటున్నారు కదూ! మనామాలో మన తెలుగువాళ్ల నోట ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. శుక్రవారం బాబ్ అల్ బహ్రెయిన్ వెనక సందుల్లో కరక్ చాయ్ పట్టుకుని కాసేపు నిలబడితే చాలు, ఒకరు నిజామాబాదు యాసలో, ఇంకొకరు కడప యాసలో అదే అంటుంటారు. సీవీ పంపితే జవాబుండదు. ఇంటర్వ్యూకి పిలిచినవాళ్లు "చెబుతాం" అంటారు, చెప్పరు. నెలలు ఇలా గడిచేసరికి, ఏళ్లుగా చేస్తున్న పని కూడా అసలు మనకొచ్చా అన్న అనుమానం మొదలవుతుంది. "ఈ లైనే వదిలేస్తా" అన్న మాట అందులోంచే పుడుతుంది.

వదలొద్దని నేననను. మీరుంటున్న ఈ బహ్రెయిన్ దీవే ఒకప్పుడు లైను మార్చింది. ముహర్రక్‌లో ముత్యాల బాట ఉంది, 2012లో యునెస్కో గుర్తించింది. సుమారు మూడున్నర కిలోమీటర్లు, సాయంత్రం చల్లబడ్డాక ఒకసారి తీరిగ్గా నడవండి. ముత్యాల కోసం దిగేవాళ్లు ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, మెడలో వల సంచీ వేసుకుని, కాలి కింద బరువు రాయితో సముద్రం అడుగుకి వెళ్లేవారు. ఊపిరి బిగబట్టినంతసేపే పని. పడవ కెప్టెన్ నఖుదా దగ్గర ముందే అడ్వాన్సు తీసుకునేవారు. సీజను బాగా లేకపోతే అది అప్పుగా మిగిలేది. తండ్రి పోతే కొడుకు నెత్తిన పడేది.

1920లలో జపాను పెంపకం ముత్యాలు మార్కెట్లోకి దిగాయి, 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం. ఇక్కడి ముత్యాల వ్యాపారం కూలిపోయింది. దిగేవాళ్ల ఊపిరి తగ్గలేదండీ, ముత్యం ధర తగ్గింది. 1932లో జబల్ దుఖాన్ దగ్గర చమురు పడింది. సముద్రాన్ని నమ్ముకున్నవాళ్లలో చాలామంది చమురు కంపెనీ కూలీకి మళ్లారు.

నాకు ఇందులో బాగా పట్టేది నఖుదా దగ్గరి ఆ అప్పు. మనవాళ్లు లైను మారలేకపోవడానికి ధైర్యం చాలకపోవడం కారణమని అందరూ అంటారు, నేను ఒప్పుకోను. వీసా కోసం ఏజెంటుకి కట్టిన డబ్బుకి ఊళ్లో వడ్డీ నడుస్తుంటే ఎంత ధైర్యవంతుడైనా ఏది దొరికితే అది పట్టుకుంటాడు.

అప్పు తర్వాత కాగితం, అంటే పర్మిట్. గల్ఫ్ దేశాల్లో అందరికంటే ముందు, 2009లో, యజమాని ఒప్పుకోకపోయినా వేరే కంపెనీకి మారే వీలు బహ్రెయిన్ ఇచ్చింది. 2011లో దానికి ఏడాది మెలిక పడింది, ముందు ఒకచోట ఏడాది చేయాలి. 2017లో ఫ్లెక్సీ పర్మిట్ వచ్చింది, కఫీల్ (స్పాన్సర్) లేకుండా సొంతంగా పని చేసుకోవచ్చన్నారు. 2022లో దాన్నీ తీసేసి రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చారు. రూల్ ఇలా మారుతుంటుంది కాబట్టి రూమ్‌లో ఎవరో చెప్పింది నమ్మి అడుగు వేయకండి. పర్మిట్లు చూసే ప్రభుత్వ సంస్థ ఎల్ఎంఆర్ఏలోనే అడగండి.

గుంటూరు వైపు కుర్రాడొకడు నాకు తెలుసు. సివిల్ డిప్లొమా, సైట్ సూపర్‌వైజరు. ప్రాజెక్టు అయిపోయింది, తీసేశారు. కోడింగ్ మొదటినుంచీ నేర్చుకుంటానన్నాడు. అప్పెంతుందని అడిగితే తల దించుకున్నాడు. "ఒరే నాన్నా, పొద్దున్నే లేబర్‌ని నిలబెట్టి టూల్‌బాక్స్ టాక్‌లో జాగ్రత్తలు చెప్పేది ఎవరు?" అన్నాను. "నేనే అన్నా." "స్కాఫోల్డింగ్ ఎక్కే ముందు బిగింపులు చూసేది?" "అదీ నేనే." హిందీలోనూ తెలుగులోనూ మేస్త్రీలకి అర్థమయ్యేలా చెప్పగలడు. మరి సేఫ్టీ వైపు ఎందుకు చూడకూడదు? నెబోష్ సర్టిఫికెట్ కావాలంటారు, దానికి ఫీజు ఉంది, ఆ ఫీజు మాత్రం వడ్డీకి తెచ్చి కట్టొద్దన్నాను. ప్రస్తుతం చిన్న కాంట్రాక్టరు దగ్గర పాత పనిలోనే చేరాడు, జీతం తక్కువే. రాత్రిపూట చదువుతున్నాడు. సేఫ్టీ ఉద్యోగం ఇంకా రాలేదు, వస్తుందని నా నమ్మకం.

అందుకని మిమ్మల్నీ అదే అడుగుతున్నాను. సీవీ తర్వాత దిద్దుదాం. అప్పెంత మిగిలింది? ఇంట్లోవాళ్లకి ఉద్యోగం పోయిన సంగతి చెప్పారా, ఇంకా డ్యూటీకి వెళ్తున్నట్టే ఫోన్లో మాట్లాడుతున్నారా? చెప్పేయండి, ఆ బరువు ఒక్కరే మోయక్కర్లేదు. తర్వాత పర్మిట్ గడువు ఎప్పటిదాకా ఉందో చూసి రండి, అక్కణ్ణుంచి మాట్లాడుకుందాం.