ఆడితేనే డబ్బు

మాది ఘనా రాజధాని అక్రా. నేను డిఫెండర్‌ని. కేరళలో మలప్పురం చుట్టుపక్కల ఏటా నవంబరు నుంచి మే దాకా సెవెన్స్ ఫుట్‌బాల్ టోర్నమెంట్లు జరుగుతాయి. జట్టుకు ఏడుగురు. కోతలైన పొలాల్లో, బడి మైదానాల్లో గ్యాలరీలు కట్టి, లైట్లు పెట్టి రాత్రిపూట ఆడిస్తారు. వేలమంది చూడ్డానికి వస్తారు. ఒక్కో జట్టులో మా ఆఫ్రికా వాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మ్యాచ్‌కి ఇంతని డబ్బు. నెల జీతం ఉండదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తింపు ఈ ఆటకి లేదు. దెబ్బ తగిలితే ఎవరిని అడగాలో కూడా తెలియదు.

పెద్ద మైదానంలో మనల్ని దాటిపోయినవాణ్ణి వెంటాడి అందుకోవచ్చు. ఇక్కడ ఒక్క అడుగు వెనకపడ్డా గోలే. నేల గట్టి. ఈ రాత్రి ఒక ఊరు, రేపు రాత్రి ఇంకో ఊరు. ముందుగా పోయేది మోకాళ్లే.

2020 ఫిబ్రవరిలో నా కుడి మోకాలు మెలితిరిగింది. లిగమెంట్ తెగిందన్నారు. స్కానింగ్ డబ్బు జట్టు మేనేజర్ కట్టాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. నెల తిరక్కముందే కరోనా వ్యాపించింది. టోర్నమెంట్లు ఆగిపోయాయి. మార్చి 22న ఘనా సరిహద్దులు మూసేసింది. ఇక్కడా విమానాలు ఆగాయి, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఒకే అద్దె ఇంట్లో ఉంటున్న మేమందరం ఆటగాళ్లమే. ఎవరికీ ఆట లేదు, అంటే ఎవరికీ డబ్బు లేదు.

ఆకలికి మమ్మల్ని వదిలేయలేదు మేమున్న ఊరు. కుటుంబశ్రీ మహిళా సంఘాలవాళ్లు కమ్యూనిటీ కిచెన్‌లో వండిన అన్నం పొట్లాలు వచ్చేవి. పక్కింటి పెద్దమ్మ ఉడకబెట్టిన కర్రపెండలం పంపేది. ఇంటి ఓనరు అద్దె అడగలేదు. వీసా గడువు ప్రభుత్వమే పొడిగించింది. వాళ్ల రుణం నేను తీర్చుకోలేను. తట్టుకోలేనిది ఇంటి నుంచి వచ్చే ఫోన్. నెలనెలా నేను పంపే డబ్బు మీదే మా ఇల్లు నడిచేది. నా భార్య డబ్బు సంగతి ఎత్తేది కాదు, పిల్లల సంగతులే చెప్పేది. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

మాలో చిన్నవాడు ఒకడు మంచం దిగడం మానేశాడు. తినమంటే తినడు, మాట్లాడడు. వాడి కోసమే పొద్దున్నే అందర్నీ పెరట్లోకి లాగడం మొదలుపెట్టాను. నేను కాలు చాపుకుని కుర్చీలో కూర్చునేవాణ్ణి. వాళ్లు ఆడేవాళ్లు. ఎవడు ఎటు జరగాలో అరిచి చెప్పేవాణ్ణి. డిఫెండర్‌కి అది అలవాటైన పనే. వెనక నిలబడేవాడికి మైదానమంతా కనిపిస్తుంది, ముందున్నవాళ్లకి వాడి గొంతే దారి. కొన్నాళ్లకి ఆ కుర్రాడు అందరికంటే ముందే పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు.

సెప్టెంబరు 1న అక్రా విమానాశ్రయం తెరిచారు. కొందరు వెళ్లిపోయారు. కుంటుకుంటూ, ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లడానికి నాకు మనసొప్పలేదు. ఊరి పిల్లలకి పొద్దున్నే ఆట నేర్పాను. వాళ్ల తండ్రులు ఇచ్చినంత తీసుకున్నాను. మళ్లీ టోర్నమెంట్లు మొదలయ్యాక ఒక జట్టు నన్ను ఆడుతూనే కోచ్‌గా ఉండమంది.

ఆ రెండు పనులు కలిపి చేయడం చాలా కష్టం. నా మోకాలు ఎప్పుడు మొరాయిస్తుందో నాకే తెలుసు. కానీ నన్ను బయటికి పిలవాల్సిందీ నేనే. బయట కూర్చుంటే ఆ రాత్రి నా డబ్బు సగమే. అయినా మోకాలు పట్టేసిన రోజు ఇంకో కుర్రాణ్ణి ఆటలోకి దింపి నేను బెంచీ మీద కూర్చుంటున్నాను. అలా కూర్చున్న రోజుల్లో కూడా గెలిచాం.

ఇప్పుడు ఏ మేనేజర్‌తో మాట్లాడినా ముందు ఒక్కటే అడుగుతాను. దెబ్బ తగిలినవాడికి వైద్యం ఖర్చు, కోలుకునేదాకా సగం డబ్బు ఇవ్వాలి. స్థానిక కుర్రాడైనా సరే, మా దేశం వాడైనా సరే. చాలామంది నవ్వి లేచిపోయారు. ఈ సీజన్‌కి ఒక జట్టు ఒప్పుకుని కాగితం మీద రాసిచ్చింది.