లాగ్‌లో ఎవరి పేరు?

మా సెకండియర్ వాళ్లకు డిపార్ట్‌మెంటులో ఇచ్చిన పని మీకు తెలిసిందే. ఎవరి ఊరి మాటలు వాళ్లు సేకరించి తేవాలి. నాకు తిరుత్తణి పడింది. పడింది అనకూడదు, నేనే అడిగి తీసుకున్నాను. అక్కడ మా అవ్వ ఉంది. మేముండేది తిరువళ్లూరులో. అమ్మది తమిళం, నాన్నది తెలుగు. నాకు కోపం వస్తే తమిళం వస్తుంది, ఆకలైతే తెలుగు. అవ్వ ఇంట్లో మాత్రం తమిళాన్ని చెప్పులతోపాటు బయట విడిచి లోపలికి పోవాల్సిందే.

సెలవుల్లో ప్రతి ఆదివారం రైలెక్కి పోయి నోటుబుక్కులో రాసుకొచ్చాను. కయ్య, గెనిమ, మడక, బోకులు, అంగడి. 'ఎలబారు' అన్న మాట అవ్వ నోట రోజూ వినేదాన్నే, కానీ అది మాటల పట్టికలోకి ఎక్కాల్సినదని ఎప్పుడూ తోచలేదు. సాయంత్రమైతే 'ఇంక ఎలబారు, బండి పోతాది' అంటుంది. బయల్దేరమని.

ఇంటికొచ్చి టైపు చేసేదాన్ని. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'నిజంగా ఫైనల్' అని మూడు ఫైళ్లు తయారయ్యాక ఒకరోజు పాతదాన్ని కొత్తదాని మీద సేవ్ చేసి రెండు వారాల పని పోగొట్టుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ. (తక్కువేం కాదు, ఏడ్చాను.) చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా పెద్దనాన్న కొడుకు, మా అన్న, తన పాత ల్యాప్‌టాప్ నాకిచ్చి అందులో ఉన్న గిట్ వాడుకోమన్నాడు. లైనస్ టోర్వాల్డ్స్ అనే ఆయన లినక్స్ పని కోసం 2005లో రాసిన సాఫ్ట్‌వేర్ అది. కథలూ మాటలూ దాచుకోవడానికి పుట్టింది కాదు. అయినా పనికొస్తుంది. పని ఒక దశకు వచ్చినప్పుడు 'కమిట్' అంటే చాలు, ఏ ఫైల్లో ఏం మారింది, ఎప్పుడు, ఎవరు మార్చారు అన్నది రాసిపెట్టుకుంటుంది. పాత రూపం ఎక్కడికీ పోదు.

ఆ 'ఎవరు' దగ్గరే వచ్చింది చిక్కు.

పళ్లిపట్టు నుంచి వచ్చే నా స్నేహితురాలు కూడా వాళ్ల వైపు మాటలు ఇందులోనే చేరుస్తోంది. ఇద్దరం కలిసి డిపార్ట్‌మెంటులో చూపించే ముందురోజు 'గిట్ లాగ్' కొట్టాం. ఆ పిల్ల కమిట్లకు ఆ పిల్ల పేరే ఉంది. నావి నలభై ఒకటి, అన్నిటికీ మా అన్న పేరు! ఆమె నవ్వుతూనే అడిగింది, 'ఏమే, ఇదంతా మీ అన్న చేసిందా?' అని. నవ్వుతూనే కాదని చెప్పాను కానీ కడుపులో కలుక్కుమనింది. ఎండలో రైలు దిగి నడిచింది నేను. అవ్వతో తిట్లు తిన్నది నేను.

రాత్రి అన్నకు ఫోన్ చేశాను. అతను నవ్వి, సెట్టింగులు ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పాడు. నాకర్థమైనట్టు చెప్తాను. గిట్‌కు ముఖ్యంగా మూడు చోట్ల సెట్టింగులుంటాయి. సిస్టమ్ అంటే ఆ కంప్యూటర్ వాడే అందరికీ. గ్లోబల్ అంటే అందులో ఒక మనిషి అకౌంటుకు, ఆ మనిషి చేసే అన్ని ప్రాజెక్టులకూ. లోకల్ అంటే ఆ ఒక్క ప్రాజెక్టుకు. అది ప్రాజెక్టు లోపలే, కనపడని ఫోల్డర్‌లో ఉంటుంది. ఒకే విషయం మీద మూడూ మూడు రకాలుగా చెప్తే లోకల్ మాటే చెల్లుతుంది. లోకల్ ఏమీ చెప్పకపోతే గ్లోబల్. అదీ లేకపోతే సిస్టమ్. నేను లోకల్‌లో ఏమీ చెప్పలేదు, గ్లోబల్‌లో అన్న పేరు అట్లే ఉండిపోయింది. గిట్ తప్పేం లేదు, తనకు తెలిసిన పేరే రాసింది. 'గిట్ కాన్ఫిగ్ --లిస్ట్ --షో-ఆరిజిన్' అని కొడితే ఏ సెట్టింగ్ ఏ ఫైల్లోంచి వస్తోందో వరసగా చూపిస్తుంది. (చార్టు మీద తెలుగులో రాస్తున్నాను గానీ టైపు ఇంగ్లీషులోనే చెయ్యాలి.)

పై చోట ఏముందన్నది కాదు, దగ్గర చోట ఏముందన్నది లెక్క. ఇది వింటుంటే నాకు మా తిరుత్తణే గుర్తొచ్చింది. అది అప్పట్లో ఆంధ్రలో, చిత్తూరు జిల్లాలో ఉండేది. మ.పొ. శివజ్ఞానం గారి ఉత్తర సరిహద్దు పోరాటం, పటాస్కర్ తీర్పు, 1959లో చట్టం, ఆపైన 1960 ఏప్రిల్ 1న తాలూకాలో ఎక్కువ భాగం మద్రాసు రాష్ట్రానికి మారింది. బదులుగా సత్యవేడు వైపు ఊళ్లు అటు పోయాయి. అవ్వకు అప్పుడు ఏడెనిమిదేళ్లు. 'ఆ పొద్దు ఏం జరిగిందవ్వా?' అని అడిగితే చాలాసేపు ఆలోచించి, 'కలుపు తీసినట్టుంది' అనింది.

సరే, పేరు మారుద్దామని 'గిట్ కాన్ఫిగ్ యూజర్.నేమ్' వరకు కొట్టి ఆగిపోయాను. ఏ పేరు పెట్టాలి? సర్టిఫికెట్‌లో నాన్న పేరు మొదటి అక్షరం ఇనిషియల్‌గా, తర్వాత నా పేరు. నాన్న వైపు పెళ్లి పత్రికల్లో ఇంటిపేరు ముందు. పైగా నా పేరులో 'గ' ఉంది. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం కాబట్టి తిరువళ్లూరులో సగం మంది నన్ను 'క'తోనే పిలుస్తారు, నేనూ పలుకుతాను. ఇంతవరకు నా పేరు ఎట్లా రాసుకోవాలని నన్నెవరూ అడగలేదు. అన్నీ ఎవరో ఒకరు నింపి ఇచ్చినవే. చివరికి ఇంటిపేరుతో, తెలుగు లిపిలో, 'గ'తో పెట్టాను. గిట్ ఏమీ అనలేదు. మెయిల్ ఐడీ కూడా మార్చాలి, యూజర్.ఇమెయిల్ అని, మనం గిట్‌హబ్‌లో పెడితే అది పేరు చూడదు, మెయిల్ చూసే ఎవరి పనో లెక్క కడుతుంది.

ఆ ఊపులో ఇంకొక చిరాకు కూడా తీరింది. నేను ఫైళ్లకు తెలుగులోనే పేర్లు పెట్టాను: వంట, పొలం, చుట్టరికం. 'గిట్ స్టేటస్' కొడితే 'పొలం' ఉండాల్సిన చోట 340, 260 అంటూ వంకర గీతల మధ్య అంకెలు వచ్చేవి. ఫైలు పాడైందేమో అనుకునేదాన్ని. పాడవ్వలేదు. ఇంగ్లీషు కాని అక్షరాలను గిట్ అంకెలు చేసి చూపిస్తుంది. తెలుగులో ఒక్కో గుర్తు మూడేసి బైట్లు. ప, ఒత్వం, ల, సున్న కలిపి పన్నెండు అంకెల గుంపులు. 'కోర్.కోట్‌పాత్' అనే సెట్టింగ్‌కు 'ఫాల్స్' అని చెప్తే మానుకుంటుంది. నా దగ్గర సరిపోయింది, స్నేహితురాలి దగ్గర అంకెలు అట్లే ఉన్నాయి. లోకల్ సెట్టింగులు ప్రాజెక్టు కాపీతోపాటు పోవు. ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లే చెప్పుకోవాలి.

మరి పాత నలభై ఒకటి? సెట్టింగ్ మారిస్తే ఇకమీద చేసే కమిట్లకే. అయిపోయినవాటిలో పేరు అట్లే ఉంటుంది. తిరగరాయొచ్చు, కానీ ప్రతి కమిట్ గుర్తింపు సంఖ్యా మారిపోతుంది, స్నేహితురాలి కాపీతో పొసగదు. 'మెయిల్‌మ్యాప్' అనే చిన్న ఫైలు పెడితే పాతవి పాతట్లే ఉండి, లాగ్‌లో మాత్రం నా పేరు చూపిస్తుందట. అదే చేశాను. లోపల అన్న పేరు ఉంది, ఉండనీ. ల్యాప్‌టాప్ అతనిదే కదా.

ఇది చేస్తుంటే ఇంకొకటి తెలిసింది. గిట్ ప్రతి కమిట్‌కు ఇద్దరిని రాసుకుంటుంది. రాసినవాళ్లు ఒకరు, చేర్చినవాళ్లు ఒకరు. మామూలుగా ఇద్దరూ ఒకరే. '--ఆథర్' అని చెప్పి వేరే పేరు ఇవ్వొచ్చు. ఒక మెయిల్ ఐడీ రాయాలి గానీ అది నిజమైనదేనా అని గిట్ అడగదు. అన్న పేరు చూసి అంత ఉడుక్కున్నదాన్ని, ఈ మాటలు ఎవరివని ఒక్కసారీ అనుకోలేదు.

పోయిన ఆదివారం ల్యాప్‌టాప్ తిరుత్తణి తీసుకుపోయాను. 'నీ పేరు రాస్తాను, ఎట్ల రాయాల?' అన్నాను. రేషన్ కార్డు తెస్తుందనుకున్నా. అందులో తాత ఇనిషియల్‌తో ఉంటుంది. అవ్వ లేవలేదు. పుట్టింటి ఇంటిపేరు చెప్పింది. పంతొమ్మిదేళ్లలో నేనెప్పుడూ వినని పేరు. అక్షరాలు ఎట్లా అంటే, 'నాకేం తెలుసు, చదివేది నువ్వు గదా' అనింది. రెండుసార్లు చెప్పించుకుని టైపు చేశాను.