వదులుకున్నది ఎవరికోసం?

ఏ వస్తువు చేయాలన్నా ఒకటి పెట్టాలంటే మరొకటి వదులుకోవాలి. ఎవరికోసం వదులుకున్నారన్నదే నా ప్రశ్న.

2003లో వచ్చిన నోకియా 1100 ఫోనుకు కెమెరా లేదు, రంగుల తెర లేదు. టార్చి, దుమ్ము చొరని మీటలు, ఊడదీసి మార్చుకునే బ్యాటరీ ఉండేవి. మా బుగ్గారంలో ఆ టార్చి విలువ చెప్పనక్కరలేదు. వ్యవసాయానికి వంతులవారీ కరెంటు ఉన్న రోజుల్లో, అది అర్ధరాత్రి వస్తే మోటరు పెట్టడానికి రైతు చీకట్లో గట్లు దాటవలసిందే. ప్రపంచంలో 25 కోట్లకు పైగా అమ్ముడైన ఆ ఫోనును కంపెనీ లాభానికే చేసింది. అయినా ఆ లెక్కలో శ్రామికుని దారి కూడా చేరింది.

నేటి ఫోను పల్చన కావాలి, తడవకూడదు. అందుకే బ్యాటరీని జిగురుతో అతికించి మూస్తున్నారు. పాఠాలు చదువుకునే నాకు ఆ సౌకర్యం నచ్చుతుంది. బీడీలు చుట్టి వాయిదాలు కట్టే తల్లికో? బ్యాటరీ చచ్చిన రోజు ఆమె తన చేత్తో మార్చుకోలేదు. దుకాణంలో మనం ఎంచుకునేది, కార్ఖానా ముందే ఎంచి పెట్టినవాటిలోంచే.

కొన్ని మినహాయింపులతోనైనా, వాడకందారే మార్చుకోగల బ్యాటరీ ఉండాలని ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది. ఆ నిబంధనకు గడువు 2027 ఫిబ్రవరి 18. అంటే తయారీదారు నిర్ణయాన్ని ప్రజలు మార్చగలరు. మనం ధర ఒక్కటే అడిగి ఊరుకోరాదు.