ముసుగు వేసిన మోటారు

పాతబస్తీకి పోయినవారు చార్మినారు నెక్కుదురు, మక్కామసీదు చూతురు, లాడ్‌బజారులో గాజులు కొందురు, సాయంకాలమునకు ఇల్లు చేరుదురు. మేమును ఇన్నాళ్లు అట్లే చేయుచుంటిమి. ఈ మాఘమాసమున మాత్రము ఒక మోటారుకారును వెదకుకొనుచు ఆ వీథులలో దినమంతయు తిరిగితిమి. ఇంటి ఇల్లాలికి పాతకార్లతో ఏమి పని యని సోదరీమణులు నవ్వవచ్చును. ఆ పని యెట్లు కలిగెనో చెప్పెదను.

మా మేనత్తకు ఎనుబదియైదేండ్లు. ఆమె శాలిబండలో పుట్టి పెరిగినది. ఆ దినములలో హైదరాబాదునందు తురకల యిండ్లలోనే గాక, పేరుగల హిందువుల యిండ్లలో కొన్నింటను ఘోషా యుండెడిది. మా నాయనమ్మ పండుగకో పేరంటమునకో పోవలసివచ్చిన తెరలు కట్టిన బండిలో పోయెడిదేగాని గడపదాటి వీథిలో నిలిచి యెరుగదు. పదేండ్ల పిల్ల గనుక మేనత్తకు ఆ కట్టుబాటు లేదు. ఆమె వీథిలో చూచినదెల్ల ఇంటికి వచ్చి తల్లికి చెప్పెడిది. తల్లికి లోకవార్తలు తెచ్చు పత్రిక ఆ పిల్లయే.

ఒకనాడు ఆ పిల్ల పరుగున వచ్చి, "అమ్మా! ఇయ్యాల ఒక కారు చూసిన. అది గూడ ఘోషాల ఉన్నది. దాని ఎనుక చక్రాలకు ముసుగేసిన్రు" అనెనట. పెద్దలందరు పకపక నవ్విరట. నాటినుండి నేటివరకు మా యింట ఎవరేని నమ్మరాని మాట చెప్పినచో "ముసుగేసిన కారు" అనుట పరిపాటి యైనది. డెబ్బదియైదేండ్లుగా మేనత్త ఆ యెగతాళి సహించుచునే యున్నది. ఈ యేడు ఆమె కంటిచూపు మందగించెను. "కండ్లు పోకముందు ఆ కారు ఒక్కసారి చూడాలె బిడ్డా. నేను అబద్ధమాడలేదు" అని నాతో ననెను. ఆ మాటలో నవ్వు లేదు. కనుక బయలుదేరితిమి.

మొదట చౌమహల్లాకు పోయితిమి. చార్మినారునుండి నడచిపోదగిన దూరమే. 1750లో సలాబత్ జంగు కాలమున ఆరంభమై, ఐదవ నిజామగు అఫ్జలుద్దౌలా కాలమున ముగిసిన నగరు అది. నాలుగు మహళ్లు కలది గనుక ఆ పేరు. జీర్ణమైపోవుచున్న దానిని ఉద్ధరించి మరల నిలిపినందుకు 2010లో యునెస్కోవారు పురస్కార మొసగిరి. కొలువుకూటమును, బెల్జియము దేశపు దీపవృక్షములను చూచి, కార్లున్న తావునకు పోయితిమి.

అచ్చట పసుపువన్నె రోల్స్ రాయిస్ కారు ఒకటి కలదు. పసుపు అసఫ్‌జాహీల రంగు. ఆ కాలమున రోల్స్ రాయిస్ వారు యంత్రమును చట్రమును మాత్రమే చేసి యిచ్చెడివారు. పై గూడును వేరొకరు కట్టెడివారు. దీని గూడును లండనులోని బార్కరు సంస్థవారు కట్టిరి. కప్పు గుమ్మటమువలె నుండును. వెనుక నొక యెత్తైన ఆసనము, దాని ముందు పరిజనులకు చిన్న ఆసనములు. సింహాసనమునకు చక్రములు కట్టిరనిన చాలును. దీనిని చేయుమని యానతిచ్చినవారు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌గారు. వారు 1911 ఆగస్టు 29న కాలధర్మము నొందిరి. కారు వారి మరణానంతరము గాని హైదరాబాదు చేరలేదు. కోరినవారు దానిని చూడనేలేదు. కుమారులగు ఉస్మాన్ అలీఖాన్‌గారికి అది దక్కెను. అన్ని యేండ్లలోను అది మొత్తము 356 మైళ్లే నడచినదని చెప్పుదురు. మన లెక్కలో ఇంచుమించు 573 కిలోమీటర్లు. హైదరాబాదునుండి బెజవాడకు పోయివచ్చిన దూరము కంటె కొంచెమే హెచ్చు.

మేనత్త దానిచుట్టు మెల్లగా తిరిగి, వంగి చక్రములు చూచి, "ఇది కాదు. దీని చక్రాలన్నీ కనబడుతున్నయి" అనెను.

అంతట పురానీహవేలీకి పోయితిమి. అదియు పాతబస్తీలోనిదే; మీరాలంమండికి దగ్గర. అచ్చటి నిజాము మ్యూజియము 2000 ఫిబ్రవరి 18న తెరువబడినది. 1937లో ఏడవ నిజాము రజతోత్సవమున వచ్చిన కానుకలు, మహబూబ్ అలీఖాన్‌గారి దుస్తులకై కట్టిన అతిదీర్ఘమగు కొయ్యబీరువాల వరుస, చేతితో త్రిప్పెడు కొయ్యలిఫ్టు అందు చూడదగినవి. సోదరీమణులు ఎవరేని పోదలచిన శుక్రవారము పోవలదు. ఆ దినము ఈ రెండు తావులకును సెలవు.

అక్కడి కార్లలో 1930 నాటి రోల్స్ రాయిస్ ఒకటి, అమెరికాలో చేసిన ప్యాకార్డు ఒకటి, ఇంగ్లండులో చేసిన జాగ్వారు మార్క్ ఐదు ఒకటి. ప్యాకార్డు 1899లో పుట్టి, రాజులకును ధనవంతులకును ప్రీతిపాత్రమై, 1958లో ఆ పేరుతో కార్లు చేయుటయే మానిన సంస్థ. జాగ్వారు కథ మరియొక తీరు. 1922లో విలియం లయన్సు అను యువకుడు బ్లాక్‌పూలు పట్టణమున మోటారుసైకిళ్లకు ప్రక్కబండ్లు కట్టుటతో అది మొదలయ్యెను. తరువాత కార్లు చేయసాగిరి. ఎస్ఎస్ అను రెండక్షరముల పేరు హిట్లరు సేనలను తలపింపజేయుటచే 1945లో దానిని విడిచి, జాగ్వారు అను పేరునే నిలుపుకొనిరి.

యుద్ధానంతరము ఇంగ్లండులో ఉక్కు కరవయ్యెను. వస్తువులను విదేశములకు పంపి ధనము తెచ్చువారికే ఉక్కు ఎక్కువగా దొరకెడిది. కొత్త యంత్రము సిద్ధమైనను, దానిని పెట్టదలచిన పెద్దకారు గూడు ఇంకను సిద్ధము కాలేదు. నడుమ కాలము గడుపుటకై పాతయంత్రముతోనే చేసిన కారు మార్క్ ఐదు. 1948 అక్టోబరులో లండను ప్రదర్శనమున దానిని చూపిరి, 1951తో నిలిపివేసిరి. అన్నియు కలిపి పదివేల ఐదువందలకు మించలేదు. పెండ్లివారు వచ్చులోపల వేసిన తాత్కాలికపు పందిరి వంటిదే యైనను, దానిని ఎంత శ్రద్ధతో చేసిరో చూడుడు! లోపల వాల్నటు కొయ్యపలకలు, తోలు ఆసనములు. వెనుక సామానుపెట్టె మూతలోనే పనిముట్ల అర యున్నదని మావారు చెప్పిరి. దేని గూటిలో నది ఒదిగి, మన పోపులపెట్టెవలె నుండునట. మార్క్ ఐదు పిమ్మట మార్క్ ఆరు రాలేదు. ఆ అంకె నప్పటికే బెంట్లీవారు తమ కారుకు పెట్టుకొని యుండిరి. కనుక వచ్చినది మార్క్ ఏడు.

ఇక అసలు మాట. ఆ మార్క్ ఐదు కారుకు వెనుక చక్రముల పైభాగమును నునుపైన యినుపరేకుతో కప్పి విడిచిరి. ముందు చక్రములు నిండుగ కనబడును; వెనుకవి సగము మరుగు. ఆ రేకునే మా మేనత్త ముసుగనినది.

ఆమె చాలసేపు మాటాడలేదు. నేను లోలోపల లెక్క వేసికొంటిని. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానము లొంగిపోయెను. మరుసటి నెలలోనే ఆ కారు లోకమునకు వచ్చెను. నిజాముగారు 1950 నుండి 1956 వరకు రాజప్రముఖులుగా నుండిరి, ఏలుబడి లేదు. ఆ సంధికాలమున పదేండ్ల పిల్ల యొకతె వీథిలో నిలిచి అట్టి కారును చూచినది. ఆమె చూచినది ఈ కారేయని నేననలేను. ఆ జాతిదేయనుటకు మాత్రము సందేహము లేదు. పిల్ల అబద్ధమాడలేదు.

"అందరు నవ్విరి గదా, నాయనమ్మయు నవ్వెనా?" అని యడిగితిని.

"మా అమ్మ నవ్వలే బిడ్డా" అని మేనత్త నా చేయి పట్టుకొనెను. "అందరు పోయినంక నన్ను వంటింట్లకు పిలిచి అడిగింది: 'ముసుగేసుకున్నా అది ఊరంత తిరుగుతున్నదా?' అని. తిరుగుతున్నదన్న. 'ఎంతదూరం పోతదో రేపు చూసి చెప్పు' అన్నది. మల్ల నాకు ఆ కారు కనబడలే. ఏం చెప్పాలె?"

మా నాయనమ్మ మోటారు ఎక్కియే యెరుగదట. చౌమహల్లాలోని ఆ సింహాసనపు కారు నడచిన 356 మైళ్లైనను ఆమె జీవితమున నడచి యుండదు. పసుపువన్నె కారు నడువకుండుటచే చెడకుండ మిగిలినదని మనము మెచ్చుకొనుచున్నాము. కార్లకది మేలు కావచ్చును, మనుష్యులకు కాదు.

తిరిగివచ్చునపుడు మేనత్త ఆటోలో ముందుకు వంగి, మసకచూపుతోనే వీథులను చూచుచు, కనబడినదెల్ల బిగ్గరగా నాకు చెప్పుచునే యుండెను. మీ యిండ్లలోను ఎవరో ఒక పెద్దమ్మ యెన్నడో చూచిన వింతను చెప్పి, నమ్మువారు లేక ఊరకుండి యుండవచ్చును. ఒక దినము తీరిక చేసికొని ఆమెను వెంటబెట్టుకొని పొండు. వెదకిన వస్తువు దొరకకున్నను నష్టములేదు. దారిలో ఆమె చెప్పుమాట మరియెచ్చటను దొరకదు.