పదహారు వన్నెలూ, ఒక ఇఫ్-ఎల్సూ

ఫజ్జీ లాజిక్ అనగానే మనలో చాలామందికి ఇంజనీరింగులో చదివి పరీక్ష అయ్యాక మరిచిపోయిన ఎలెక్టివ్ గుర్తొస్తుంది. లేదంటే తొంభైలనాటి వాషింగ్ మెషిన్ ప్రకటన. కడప జిల్లావాళ్ళకి మాత్రం దాన్ని ప్రొద్దుటూరు బంగారం అంగట్లో చూపించొచ్చు.

ప్రొద్దుటూరుకి రెండో బొంబాయి అని పేరు. జమ్మలమడుగు, పులివెందుల పక్క పల్లెల్లో పెళ్ళి కుదిరిందంటే నగలకి ప్రొద్దుటూరుకే ప్రయాణం. పాత నగ మార్చాలంటే గీటురాయి ఉండనే ఉంది. నగతో రాయి మీద ఒక గీత, దాని పక్కనే వన్నె తెలిసిన పుల్లతో ఇంకో గీత. రెండింటి మీదా యాసిడ్ చుక్క. రాగి, వెండి కరిగిపోతాయి, బంగారం మిగుల్తుంది. ఏ గీత ఎంత వెలిసిందో కంటితో పోల్చి, ఇది ఇన్ని క్యారట్లు ఉంటుందని చెప్తారు.

ఇక్కడ "బంగారమా, కాదా" అన్నది ప్రశ్న కాదు, "ఏ మాత్రం బంగారం" అన్నదే ప్రశ్న. 1965లో లోత్ఫీ జాదే తన "ఫజ్జీ సెట్స్" పేపర్లో చెప్పింది కూడా ఇలాంటిదే. ఒక వస్తువు ఫలానా గుంపులో ఉందా లేదా అని కాకుండా, సున్నాకీ ఒకటికీ మధ్య ఎంత మేరకు ఉందో చెప్పొచ్చు అన్నాడాయన. మేలిమి బంగారానికి పదహారు వన్నెలు అని మనకో మాట ఉంది కదా. అలాగని మనవాళ్ళు ఫజ్జీ లాజిక్ ఎప్పుడో కనిపెట్టేశారు అనే పాట నేను ఎత్తుకోను లెండి :) నిక్కచ్చిగా చెప్పాలంటే క్యారట్ అనేది వట్టి కొలత, "మంచి బంగారం" అనే మాట ఫజ్జీ. ఆ కొలత నుంచి ఈ మాటకి వెళ్ళే దారి పేరే మెంబర్‌షిప్ ఫంక్షన్.

అణువులతో లెక్కలు చేయించేవాళ్ళకీ ఇదే తంటా. 1993లో బెల్ఫాస్ట్‌లో ప్రసన్న డి సిల్వా (పుట్టింది శ్రీలంకలో) బృందం ఒక అణువుని ఆండ్ గేటుగా పనిచేయించింది. హైడ్రోజన్, సోడియం అయాన్లు రెండూ తగినంత ఉంటేనే అది బాగా వెలుగుతుంది. అయితే అయాన్లు పెరిగేకొద్దీ వెలుగు కూడా మెల్లగా పెరుగుతుంది. "ఇక్కణ్ణించి ఒకటి" అని గీత గీసేది మనమే. ఇటలీలో పెరూజా యూనివర్సిటీ కెమిస్టు పియర్ లుయీజి జెంటీలి ఆ గీత జోలికి పోకుండా, మెల్లగా మారే ఆ స్పందననే ఫజ్జీ లాజిక్కుగా వాడుకోవచ్చని చూపించాడు.

అలాగైతే గీతలే వద్దా? అలా అనలేం. గీటురాయి దగ్గర చూసే కన్ను కొనేవాడిది కాదు, వ్యాపారిది. రెండు క్యారట్లు తగ్గించి చెప్పినా పల్లెటూరి మనిషికి ఎట్లా తెలుస్తుంది? 2021 జూన్ నుంచి హాల్‌మార్కింగ్ దశలవారీగా తప్పనిసరి అయింది. నగ మీద 916 అని ఉంటే అందులో వెయ్యికి 916 పాళ్ళు బంగారం ఉండాల్సిందే. ఇక్కడ గీత బలహీనుడి పక్షాన ఉంది.

ఇప్పుడు పులివెందుల పక్కన తుమ్మలపల్లెకి పోదాం. అక్కడ యురేనియం గని ఉంది, శుద్ధి కర్మాగారం ఉంది. ఖనిజం డోలమైట్ రాతిలో ఉంది కాబట్టి యాసిడ్ వాడితే ఆ రాయే తాగేస్తుంది. అందుకే క్షారంతో తీస్తారు. వ్యర్థాలు టెయిలింగ్ పాండుకి పోతాయి. దాని పక్కనున్న కేకే కొట్టాల, మబ్బుచింతలపల్లి ఊళ్ళవాళ్ళు తమ బోర్ల నీళ్ళు చెడిపోయాయని చాన్నాళ్ళుగా ఫిర్యాదు చేస్తున్నారు. గనిని నడిపే యూసీఐఎల్ తమ వల్ల కాదంటుంది.

ఎవరి మాట నిజమో తేల్చడం ఈ టపా పని కాదు. నన్ను పట్టుకుంది నీళ్ళ హద్దు. తాగేనీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో పెట్టిన హద్దు లీటరుకి 2 మైక్రోగ్రాములు. 2004లో అది 15 అయింది, 2011లో 30 అయింది, అదీ తాత్కాలికం అంటూనే. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి 60 అంది, తర్వాత బీఐఎస్ 30 పెట్టింది. 40 ఉన్న నీళ్ళనుకోండి, ఒక గీత ప్రకారం పాస్, ఇంకో గీత ప్రకారం ఫెయిల్. నీళ్ళు మాత్రం అవే. వాటిని వడపోయాల్సిన మూత్రపిండాలూ అవే, వాటి లోపల ఇఫ్-ఎల్సులు ఉండవు. 29 దగ్గర అంతా క్షేమమై 31 దగ్గర విషం అయిపోదు.

నగ విషయంలో కొనేవాడిని కాపాడిన గీతే, నీళ్ళ విషయంలో "హద్దులోనే ఉంది, ఇంటికి పో" అనడానికి పనికొస్తుంది. తేడా గీతలో లేదు. గీసింది ఎవరు, దాని వెనకున్న అంకె జనానికి కనిపిస్తుందా లేదా, అందులో ఉంది. నగ మీద 916 అని అంకె కనిపిస్తుంది. నీళ్ళ రిపోర్టులో "సురక్షితం" అన్న ఒక్క మాటే ఉంటే రైతు దేన్ని పట్టుకుని అడగాలి?

మనం రోజూ రాసే డాష్‌బోర్డుల్లో చేసేదీ ఇదే కదా. అంకెని మింగేసి పచ్చరంగు, ఎర్రరంగు చూపిస్తాం. నిర్ణయం తీసుకోవాలంటే చివర్లో ఎక్కడో ఒక గీత తప్పదు, ఫజ్జీ సిస్టంలో అయినా ఆఖర్న డీఫజ్జిఫికేషన్ ఉంటుంది. కాకపోతే రంగు పక్కన అంకె కూడా వెయ్యండి. ఆ హద్దు ఎవరిదో, ఏ సంవత్సరానిదో రాయండి. పోయిన ఎండాకాలం అంకె ఎంతో కూడా చూపించండి. ఇందుకు ఫజ్జీ లాజిక్ లైబ్రరీలేం అక్కర్లేదు, టేబుల్లో ఇంకో మూడు కాలమ్స్ చాలు.

ఏమంటారు?