క్రెష్ ఫీజు ఎవరి జీతంలోంచి?

మా బాబు పుట్టాక చూడ్డానికొచ్చిన చుట్టాలంతా ఒకటే లెక్క చెప్పారు. నాకు చేతికొచ్చేది 27,000. అందులో క్రెష్‌కి 7,500, ఆటోకి 2,500, పాల డబ్బాలూ డయపర్లూ పోను "ఇంక నీకు మిగిలేదెంతే? ఆ కాస్త కోసం పసివాణ్ణి ఎవరి చేతుల్లోనో పెట్టి వెళ్తావా?" కూడికలూ తీసివేతలూ సరిగ్గానే ఉన్నాయి. కాకపోతే ఆ ఫీజు నా జీతంలోంచే ఎందుకు తీసేస్తున్నారో నాకు అర్థం కాలేదు. అప్పటికి మా ఆయన జీతం 48,000. ఇద్దరిదీ కలిపి 75,000లో క్రెష్ ఫీజు పదో వంతు. ఇంటి అద్దె అంతకంటే ఎక్కువే, అయినా అద్దె పోను మగవాడికి ఎంత మిగులుతుంది, ఉద్యోగం మానెయ్యకూడదా అని ఏ చుట్టమూ అడగగా నేను వినలేదు.

విజయవాడలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. 2018 జూన్‌లో చేరాను, బాబు 2022 ఫిబ్రవరిలో పుట్టాడు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం వల్ల 26 వారాలు జీతంతో సెలవు దొరికింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చని కూడా అదే చట్టం చెప్పింది. మా ఆఫీసులో నలభై మందిమి కూడా లేము. సెలవు మాకు వర్తించింది, క్రెష్ వర్తించలేదు.

సెలవు అయిపోయే ముందు నా లెక్క నేను వేసుకున్నాను. నా బేసిక్ 16,000. గ్రాట్యుటీకి ఐదేళ్ళ సర్వీసు నిండాలి. బేసిక్‌ని 26తో భాగించి, 15తోనూ సర్వీసు ఏళ్ళతోనూ హెచ్చవేస్తే ఐదేళ్ళకు 46,000 పైన వస్తుంది. అప్పటికి నాకు నాలుగేళ్ళు దాటాయి, ప్రసూతి సెలవూ సర్వీసు కిందే లెక్క. ఇంకో పది నెలలు ఆగితే ఆ హక్కు నాది. పీఎఫ్‌కి కంపెనీ నెలనెలా నా పేర వేసే 1,920 ఏ చుట్టం లెక్కలోనూ లేదు, జీతం చీటీలో చేతికొచ్చే అంకెనే చూస్తారు కనుక. అందులో 1,250 పింఛను పథకానికి వెళ్తుంది. ఆ పింఛను రావాలంటే పదేళ్ళ సర్వీసు కావాలి. ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళు చాలామంది మొదట చేసే పని పీఎఫ్ డబ్బు తీసేసుకోవడం. ఐదేళ్ళలోపు తీస్తే దాని మీద పన్ను కూడా పడుతుంది.

అన్నిటికంటే పెద్ద నష్టం తిరిగి చేరినప్పుడు తెలుస్తుంది. నాకంటే ముందు పిల్లల కోసం మానేసిన ఒకావిడ కొన్నేళ్ళకు మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటే, ఒకప్పుడు తను పని నేర్పిన అమ్మాయి కంటే తక్కువ జీతానికి చేరాల్సి వచ్చింది. మధ్యలో జీఎస్టీ రిటర్నుల పద్ధతి మారిందన్నారు. ఆవిడ రెండు నెలల్లో నేర్చేసుకుంది. జీతం మాత్రం అక్కణ్ణించే మొదలైంది, ఏటా ఇంక్రిమెంటూ ఆ తక్కువ మీదే.

"మీ అమ్మని తెచ్చి పెట్టుకోవచ్చుగా" అన్నవాళ్ళు కూడా ఉన్నారు, అమ్మమ్మ అంటే ఖర్చులేని పని అన్నట్టు. మా అమ్మ తెనాలిలో జాకెట్లు కుడుతుంది. పెళ్ళిళ్ళ సీజనైతే నెలకు పదివేలు కళ్ళజూస్తుంది. ఆవిణ్ణి ఇక్కడికి తెస్తే ఆ పదివేలూ పోతాయి, ఇన్నేళ్ళూ కూడబెట్టుకున్న ఖాతాదారులూ పోతారు. 7,500 మిగుల్చుకోవడానికి అమ్మ 10,000 వదులుకోవాలి. ఇంట్లోవాళ్ళ శ్రమకి బిల్లు రాదు కాబట్టి దాన్ని సున్నా అని రాసుకోవడం నాకు నచ్చదు.

ఆగస్టులో ఉద్యోగానికి వెళ్ళాను. పన్ను విషయంలో ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి అప్పట్లో ప్లేస్కూలు ట్యూషన్ ఫీజు 80సి కింద చెల్లేది, డేకేర్ ఫీజు చెల్లేది కాదు. బాబుకి రెండున్నరేళ్ళు వచ్చి అదే చోట ప్లేస్కూల్లో కూర్చున్నప్పుడు రసీదులో రెండూ విడివిడిగా రాయించుకున్నాం. పిల్లల చదువు అలవెన్సు మీద అప్పట్లో ఉన్న మినహాయింపు బిడ్డకు నెలకు 100 రూపాయలు. ఆటో ఒక్కరోజుకి కూడా చాలదు.

2000లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ బృందం వేసిన లెక్క ఒకటి ప్లేస్కూళ్ళ ప్రకటనల్లో తెగ వాడతారు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఇప్సిలాంటి అనే ఊళ్ళో 1960లలో 123 మంది పేద నల్లజాతి పిల్లల మీద పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం జరిగింది. వాళ్ళలో కొందరికి మంచి టీచర్లతో చదువు చెప్పించి, టీచర్లని ఇళ్ళకి కూడా పంపారు. ఆ పిల్లలకు నలభై ఏళ్ళు వచ్చేదాకా వాళ్ళ చదువు, సంపాదన, పోలీసు కేసులు అన్నీ గమనించి చూస్తే, పెట్టిన డబ్బుకి సమాజానికి ఏటా 7 నుంచి 10 శాతం రాబడి వచ్చిందని తేలింది. అదీ ధరల పెరుగుదల తీసేశాక. మన పీపీఎఫ్ ఇచ్చే 7.1 శాతంలో ధరల పెరుగుదల కలిసే ఉంటుంది. కానీ ఆ రాబడి మా బాబు రంగులద్దే ఏసీ గదికి వర్తించదు. ఇంట్లో పుస్తకాలున్న వాడికి అక్కడ కొత్తగా ఒరిగేది కొంచెమే. నేను కట్టిన 7,500తో ముఖ్యంగా నా ఉద్యోగం కొనుక్కున్నాను. హెక్‌మన్ చెప్పిన రాబడి వచ్చేది మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కూతురు వెళ్ళే చోట.

ఆ పిల్ల అప్పట్లో అంగన్‌వాడీకి వెళ్ళేది. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకం కింద నడిచే కేంద్రాలివి. అక్కడ గుడ్డూ, అన్నమూ, పాటలూ, అక్షరాలూ ఉంటాయి. పాపని అక్కడ దింపి తల్లి నాలుగిళ్ళు చేసుకునేది, ఇంటికి 1,800 చొప్పున. 2023 డిసెంబరులో రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్తలు సమ్మెకు దిగారు. అప్పటికి వాళ్ళకొచ్చేది 11,500. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. వాళ్ళకీ గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని నేను ప్రసూతి సెలవులో ఉన్నప్పుడే, 2022 ఏప్రిల్‌లో, సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గ్రాట్యుటీ కూడా సమ్మె కోరికల్లో ఒకటి. నన్ను ఉద్యోగంలో నిలబెట్టిన అంకె కోసం కూడా వాళ్ళు రోడ్డెక్కారు.

సమ్మె 42 రోజులు సాగింది. "పిల్లనెక్కడ వదలనమ్మా?" అంటూ ఆ అమ్మాయి పాపని వెంటేసుకొచ్చేది. మేం సరేనన్నాం, రెండిళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు, వేరే మనిషిని పెట్టుకున్నారు. నెలకు 3,600 పోయింది. సమ్మె ముగిశాక కూడా ఆ ఇళ్ళు తిరిగి రాలేదు. ఆమె ఆలస్యమైతే నేనూ ఆలస్యమే, డిసెంబరు క్లోజింగూ ఆలస్యమే. ఎక్కడో వీధి చివర గదికి తాళం పడితే మా కంపెనీ లెక్కల పుస్తకం దాకా వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 'పాల్నా' పథకం కింద కొన్ని అంగన్‌వాడీలను క్రెష్‌లుగా మారుస్తోంది. వాటిలో ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లల్ని రోజుకు ఏడున్నర గంటలు చూస్తారు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి అక్షరాలకంటే ముందు కావలసింది ఆ గంటలు.

2025లో ఆ పాప ఒకటో తరగతిలో చేరింది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 'తల్లికి వందనం' పథకం డబ్బు 13,000 తల్లి ఖాతాలో పడింది. మంచిదే. అయితే ఆ పథకం ఒకటో తరగతి నుంచే మొదలవుతుంది. ఆమె రెండిళ్ళు పోగొట్టుకున్నది అంతకు ముందు. ఇప్పుడు పగలు మళ్ళీ నాలుగిళ్ళు చేస్తోంది. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఒక అపార్ట్‌మెంట్‌లో వంట పని ఉందట, 2,000 ఇస్తారట. బడి ఆ లోపే వదిలేస్తారు. మొన్న అంట్లు తోముతూ అడిగింది, "అమ్మగారూ, మన బాబుండే చోట సాయంత్రం రెండు గంటలకి ఎంత తీసుకుంటారు?"

2,500 అని చెప్పాను.